మంచాన పడ్డవాళ్ల లెక్క ఎవరి దగ్గర ఉంది?

సంపాదకులకు నమస్కారం.

పిల్లలు తగ్గిపోతున్నారు, ముసలివాళ్లు పెరిగిపోతున్నారు అంటూ ఈమధ్య పత్రికల్లోనూ సభల్లోనూ చర్చ జోరుగా సాగుతోంది. మంచిదే. కానీ ఎటు తిరిగి ఎటు వచ్చినా అది ‘ఇంకో బిడ్డను కంటారా, కనరా’ అన్న దగ్గరే ఆగిపోతోంది. స్థానిక ఎన్నికల్లో పోటీకి 1994 నుంచి ఉన్న ఇద్దరు పిల్లల నిబంధనను ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2024 నవంబరులో ఎత్తేసింది. ఎత్తేయడం సబబే. ఇంట్లో పిల్లలెందరన్నది సర్పంచి పదవికి కొలబద్ద కాకూడదు. అయితే దానివల్ల వృద్ధాప్యం బరువు తగ్గుతుందనుకుంటే మాత్రం లెక్క తప్పినట్టే. ఇవాళ పుట్టిన బిడ్డ సంపాదనలో పడేసరికి ఇరవై ఏళ్లు పైనే పడుతుంది. అప్పటికి అరవై దాటి ఉండేవాళ్లంతా ఇప్పటికే నలభై దాటి మన మధ్య తిరుగుతున్నారు. ఏ జీవో ఇచ్చినా వాళ్ల సంఖ్య పెరగదు, తగ్గదు. పైగా ఈ ఇరవై ఏళ్లూ పనిచేసేవాళ్ల మీద ఇటు పిల్లలూ అటు పెద్దలూ కూడా ఉంటారు.

జాతీయ గణాంక కార్యాలయం 2021లో వేసిన నివేదిక ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో అరవై దాటినవాళ్లు 12.4 శాతం. 2031కి 16.4 శాతం అవుతారని అంచనా. కేరళ 2021కే 16.5 దగ్గర ఉంది, అంటే మనం పదేళ్ల వెనక అదే దారిలో నడుస్తున్నాం. ఇక్కడ ఒక మనవి. ఇవి అరవై దాటినవాళ్ల శాతాలు. జపాన్‌లో వృద్ధులు దాదాపు 29 శాతం అని రాసేటప్పుడు అది 65 దాటినవాళ్ల శాతం. రెండింటినీ ఒకే బొమ్మలో పక్కపక్కన గీసి ‘ఇంకా చాలా టైముంది’ అనో ‘కొంప మునిగింది’ అనో తేల్చేస్తున్నారు. అలా పోల్చకూడదు.

వృద్ధాప్యం సంక్షేమ రాజ్యాన్ని ఏం చేస్తుందన్న దాని మీద పరిశోధన నలభై ఏళ్లుగా సాగుతోంది. అందులో మన చర్చలో ఎప్పుడూ వినపడని ఒక ఫలితం చెబుతాను. ఆరోగ్య ఆర్థికవేత్త పీటర్ జ్వైఫెల్ బృందం 1999లో స్విట్జర్లాండ్ ఆరోగ్య బీమా లెక్కలు తిరగేసింది. ఆస్పత్రి ఖర్చును నడిపేది మనిషి వయసు కన్నా, చావు ఎంత దగ్గరలో ఉందన్న సంగతి అని తేల్చింది. డెబ్బైలో పోయినా తొంభైలో పోయినా పెద్ద ఖర్చు చివరి నెలల్లోనే. ఆయుష్షు పెరిగితే ఆ ఖర్చు వాయిదా పడుతుంది తప్ప అదే నిష్పత్తిలో పెరగదు. దీని మీద వాదోపవాదాలు చాలా నడిచాయి. కానీ తర్వాత వచ్చిన పరిశోధనలు ఒక మినహాయింపును గట్టిగా చెప్పాయి. రోజువారీ చాకిరీ, అంటే లేపడం, కూర్చోబెట్టడం, స్నానం, ఒంటికీ రెంటికీ తీసుకెళ్లడం, తినిపించడం, దీని ఖర్చు మాత్రం వయసుతోపాటే నిటారుగా ఎక్కుతుంది.

మన రెండు రాష్ట్రాలూ ఏం చేశాయో ఈ వెలుగులో చూడండి. పింఛను ఉంది. ఆస్పత్రికి 2007 నుంచి ఆరోగ్యశ్రీ ఉంది. డెబ్బై దాటినవాళ్లకు 2024 అక్టోబరు నుంచి కేంద్రం ఏడాదికి కుటుంబానికి 5 లక్షల వైద్యం కూడా ఇస్తోంది. వయసుతో పెరిగేది అని పరిశోధన దేని వైపు వేలు చూపిస్తోందో, ఆ చాకిరీకి మాత్రం ఏ పద్దూ లేదు. అది ఇంట్లో ఆడవాళ్ల ఖాతాలో పడిపోతోంది.

పింఛను సంగతి ముందు ముగిస్తాను. కేంద్రం 1995 ఆగస్టు 15న నెలకు 75 రూపాయలతో మొదలుపెట్టింది. తర్వాత 200 చేసింది. 2011లో ఎనభై దాటినవాళ్లకు 500 చేసింది కానీ, 60–79 ఏళ్లవాళ్లకు ఆ 200 మేకు కొట్టినట్టు అక్కడే ఉండిపోయింది. ఏపీ ఇచ్చే 4000లో అది ఇరవయ్యో వంతు, అదీ పేదల పాత జాబితాను బట్టి కేంద్రం పెట్టిన సంఖ్య దాకానే. రాష్ట్రం ఇచ్చే మొత్తం 2014లో 1000, 2019లో 2000, 2024లో 4000 అయింది, మధ్యలో 250 చొప్పున కొన్ని మెట్లు. తెలంగాణలో 2014లో 1000 రూపాయలు, 2019లో 2016 రూపాయలు. ఆ తర్వాత ఎన్నేళ్లు అదే అంకె మీద నిలిచిందో పింఛనుదారులను అడిగితే వేళ్ల మీద చెబుతారు. ఈ సంవత్సరాలు చూస్తే ధరల సూచీ కాదు, ఎన్నికల కేలండర్ కనిపిస్తుంది. ఉపాధి హామీ కూలీని ఏటా ఏప్రిల్‌లో వ్యవసాయ కూలీల ధరల సూచీని బట్టి సవరిస్తూ వచ్చిన పద్ధతి ఉండగా, పింఛనుకు ఆపాటి సూత్రం పెట్టడం బ్రహ్మవిద్య కాదు. 

సూత్రం పెడితే చాలదని కూడా చెప్పాలి. జనాభా తగ్గేకొద్దీ పింఛను పెరుగుదలను కాస్త కోసే సర్దుబాటును జపాన్ 2004లో చట్టంలో పెట్టింది. కానీ చేతికొచ్చే అంకె తగ్గకూడదన్న మినహాయింపు కూడా అందులోనే ఉంది. ధరలు పెరగని దేశంలో ఆ సర్దుబాటు 2015 దాకా ఒక్కసారి కూడా కదల్లేదు. స్వీడన్‌లో 2010లో సూత్రం తనంతట తనే పింఛన్లను కోసింది. అది ఎన్నికల ఏడాది కావడంతో ప్రభుత్వం వృద్ధుల పన్ను తగ్గించి కోసినదాంట్లో కొంత వెనక్కి ఇచ్చింది.

ఇక అసలు విషయం. మంచాన పడ్డ మనిషిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. తిప్పకపోతే నడుం కింద, తుంటి మీద, మడమల దగ్గర, ఎముక ఒత్తుకునే చోట ముందు చర్మం కందుతుంది. వేలితో నొక్కి వదిలినా ఆ ఎరుపు పోదు. అప్పుడు పట్టించుకోకపోతే రోజుల్లోనే పుండు పడుతుంది, నెలల తరబడి మానదు. డైపర్లు రోజుకు మూడు అనుకోండి, ఒక్కోటి 30 నుంచి 40 రూపాయలైనా నెలకు 2700 నుంచి 3600. నాలుగు వేల పింఛను అక్కడికే సరి. తిప్పడానికి మనిషి ఖర్చు ఇంకా లెక్కలోకి రాలేదు. ఆ మనిషి కూలి పనికి పోకుండా ఇంట్లో ఉన్న కోడలో కూతురో అయితే పోయిన కూలి ఎవరూ లెక్కెయ్యరు. మనదేశంలో 2017–18లో జరిగిన వృద్ధుల దీర్ఘకాలిక సర్వేలో, అరవై దాటినవాళ్లలో దాదాపు నాలుగోవంతు మందికి స్నానం, బట్టలు వేసుకోవడం, నడక లాంటి పనుల్లో కనీసం ఒకటైనా కష్టంగా ఉందని తేలింది. వాళ్లందరికీ రోజూ మనిషి కావాలని కాదు. ఎవరికి కావాలి, ఎంతసేపు కావాలి అన్నది ఇంటింటా కొలిచినవాళ్లు లేరు.

ఏపీలో మంచానికే పరిమితమైనవాళ్లకు నెలకు 15,000 ఇచ్చే పద్దు ఒకటి ఉంది. దేశంలో ఇది పెద్ద మొత్తమే, మెచ్చుకోవాలి. కానీ దానికి తలుపు వైద్య ధ్రువపత్రం. ఆ పత్రం కొలిచేది జబ్బును, అవయవ లోపాన్ని. చాకిరీని కాదు. పక్షవాతం వచ్చి మంచంలో ఉన్న మనిషి దొరుకుతాడు. మతిమరుపు జబ్బుతో రాత్రి రెండింటికి తలుపు తీసుకుని రోడ్డు మీదకు నడిచిపోయే పెద్దావిడ దొరకదు, కాళ్లు బాగానే ఉన్నాయి కదా. మొదటాయన నిద్రపోతే ఇంట్లోవాళ్లు నిద్రపోవచ్చు, ఈమెతో అదీ కుదరదు. పైగా అర్హత ఉంటే 15,000, లేకపోతే వికలాంగుల పింఛను 6,000, అదీ రాకపోతే మామూలు 4,000. చాకిరీని బట్టి మధ్యలో మెట్లు లేవు. ఇంత ఎత్తున్న గోడ దగ్గర దొంగ సర్టిఫికెట్లు పుట్టడం, 2025లో జరిగినట్టు మళ్లీ పరీక్షలు, నోటీసులు, నిరసనలు రావడం వింతేమీ కాదు.

దీన్ని కాస్త నిదానంగా ఆలోచించిన దేశం జపాన్. అక్కడా మొదట తప్పే చేశారు. 1973లో డెబ్బై దాటినవాళ్లకు వైద్యం ఉచితం చేశారు, ఇంటి దగ్గర సాయానికి మాత్రం ఏర్పాటు లేదు. ఫలితం, రోగం తగ్గినా ఇంట్లో చూసేవాళ్లు లేని పెద్దవాళ్లు నెలలూ ఏళ్లూ ఆస్పత్రి పడకల మీదే ఉండిపోయారు. 1983లో ఉచితం ఎత్తేసినా ఆ అలవాటు పోలేదు. చివరికి 1997లో చట్టం చేసి, 2000 ఏప్రిల్ 1 నుంచి సంరక్షణ బీమా తెచ్చారు. నలభై దాటిన ప్రతివారూ ప్రీమియం కడతారు. ఖర్చులో సగం ప్రీమియం, సగం పన్నులు: కేంద్రం 25 శాతం, ప్రిఫెక్చర్ (అక్కడి రాష్ట్రం లాంటిది) 12.5, మున్సిపాలిటీ 12.5. నడిపేది మున్సిపాలిటీ. వాడుకునేవాళ్లు బిల్లులో పదోవంతు కడతారు, రాబడి ఎక్కువున్నవాళ్లు 20 లేదా 30 శాతం.

అందులో మనకు పనికొచ్చేది డబ్బు పద్ధతి కన్నా కొలిచే పద్ధతి. అర్జీ పెట్టగానే మున్సిపాలిటీ మనిషి ఇంటికొస్తాడు. చేతిలో 74 ప్రశ్నలు: శరీరం కదలిక మీద 20, రోజువారీ పనుల మీద 12, తెలివిడి మీద 9, ప్రవర్తన మీద 15, బయటి వ్యవహారాల మీద 6, గత పద్నాలుగు రోజుల్లో జరిగిన ప్రత్యేక వైద్యం మీద 12. పక్కకు తిరగగలరా, పట్టుకోకుండా కూర్చోగలరా, గోళ్లు తీసుకోగలరా, పుట్టినరోజు చెప్పగలరా, ఇల్లు వదిలి పోతారా లాంటివి. ఈ జవాబుల నుంచి కంప్యూటర్ రోజుకు ఎన్ని నిమిషాల సంరక్షణ అవసరమో అంచనా కడుతుంది. 25 నిమిషాల నుంచి మొదలై, 50 దాటితే సంరక్షణ రెండో మెట్టు, 70 దాటితే మూడు, 90 దాటితే నాలుగు, 110 దాటితే అయిదు. ఆ అంచనాను, మామూలుగా చూసే డాక్టరు రాసిన అభిప్రాయాన్ని కలిపి ఒక సంఘం నిర్ణయిస్తుంది, 30 రోజుల్లోపు. ఈ నిమిషాలు కుర్చీలో కూర్చుని ఊహించినవి కావు. వృద్ధాశ్రమాల్లో పనివాళ్ల వెంట నిలబడి, నిమిషం నిమిషానికీ ఏం చేస్తున్నారో రాసి కట్టిన లెక్క.

ఆ లెక్కలోనూ లొసుగు దొరికింది. మొదట్లో వాడిన 85 ప్రశ్నల పట్టిక శరీర కదలిక వైపు మొగ్గింది. నడవగలిగిన మతిమరుపు రోగులు కింది మెట్లలో పడ్డారు. 2003లోనూ 2009లోనూ దాన్ని సరిచేయాల్సి వచ్చింది. మన 15,000 పద్దులో ఉన్న చిక్కే ఇది. కాకపోతే వాళ్ల దగ్గర జవాబులన్నీ నమోదై ఉన్నాయి కాబట్టి తప్పు ఎక్కడుందో చూసి దిద్దగలిగారు.

ఇంకో సంగతి, నగదు ఇవ్వాలా వద్దా అన్నది. జర్మనీ 1995లో సంరక్షణ బీమా పెట్టి, కావాలంటే మనిషిని పంపుతాం, లేదంటే అంతకన్నా తక్కువ డబ్బు చేతికిస్తాం అంది. 2025లో మూడో మెట్టుకు సేవ అయితే నెలకు 1497 యూరోలు, నగదు అయితే 599. చాలా కుటుంబాలు నగదే తీసుకుంటాయి. జపాన్‌లో నగదు వద్దని గట్టిగా పట్టుబట్టినవాళ్లలో మహిళా సంఘాలు ముందున్నాయి. డబ్బిస్తే ‘తీసుకుంటున్నావుగా, చెయ్యి’ అని కోడలిని మంచం కాళ్లకు కట్టేస్తారన్నది వాళ్ల వాదన. మన ఇళ్లు తెలిసినవాళ్లకు దీన్ని వివరించక్కర్లేదు. చివరికి జపాన్ సేవలే ఇచ్చింది, నగదు ఇవ్వలేదు. అలాగని అక్కడ అంతా సవ్యంగా లేదు. ఇంట్లో పెద్దలను చూసుకోవడానికి ఏటా దాదాపు లక్ష మంది ఇప్పటికీ ఉద్యోగాలు మానుతున్నారు. మెట్టు దొరికినవాళ్లు 2000లో 21.8 లక్షలు, ఇప్పుడు 70 లక్షల దరిదాపుల్లో. అరవై అయిదు దాటినవాళ్ల సగటు నెలసరి ప్రీమియం 2,911 యెన్ల నుంచి 6,225 యెన్లకు ఎక్కింది. సేవకు రేటు ప్రభుత్వమే కడుతుంది కాబట్టి ఆ పనివాళ్ల జీతాలు అంతగా పెరగవు, జీతాలు పెరగవు కాబట్టి మనుషులు దొరకరు. అందుకే విదేశాల నుంచి పిలుస్తున్నారు. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ మన పిల్లలకు జపనీస్ నేర్పించి అక్కడి ఉద్యోగాలకు పంపిస్తోంది. పంపడం తప్పు కాదు. ఒసాకాలో ముసలాయనను శాస్త్రీయంగా మంచం మీంచి కుర్చీలోకి మార్చడం నేర్చుకున్న పిల్ల, అదే పనిని నల్గొండలో చేస్తే జీతమిచ్చే పద్దు మాత్రం ఇక్కడ లేదు.

బీమా మనకు కుదరదు. ప్రీమియం కోయడానికి జీతం చీటీ ఉన్నవాళ్లు తక్కువ. ఉన్నవాళ్లలో చాలామంది ఏపీలో పెరిగి హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో డాలస్‌లోనో పన్ను కడుతున్నారు. అమెరికాలో మనవాళ్ల జీతంలో 6.2 శాతం, యజమాని నుంచి మరో 6.2 శాతం అక్కడి వృద్ధుల పింఛను నిధికి పోతుంది. పదేళ్లు నిండకుండా తిరిగొచ్చేస్తే, రెండు దేశాల మధ్య ఒప్పందం లేదు కాబట్టి, ఆ పింఛను రాదు. కాబట్టి ఇక్కడ పన్నుల డబ్బుతోనే చెయ్యాలి. ఎంతవుతుందో ఒక గ్రామీణ మండలానికి వేసి చూద్దాం. జనాభా 50,000. అరవై దాటినవాళ్లు 12.4 శాతం, అంటే 6,200. వాళ్లలో నూటికి అయిదుగురికి రోజూ సాయం కావాలనుకుందాం (ఇది నా అనుకోలు, సరైన అంకె కొలిస్తేనే తెలుస్తుంది): 310 మంది. ఒక్కో ఇంట్లో గంట పని, ఊరికీ ఊరికీ మధ్య తిరుగుడు కలిపితే ఒక మనిషి రోజుకు అయిదు ఇళ్లు చూడగలదు. 62 మంది కావాలి, వారానికో సెలవు కలిపితే 73. జీతం 15,000 వేస్తే నెలకు 10.95 లక్షలు, ఏడాదికి 1.31 కోట్లు. దాదాపు 680 మండలాలకు 890 కోట్ల పైచిలుకు. గ్లౌజులు, శిక్షణ, పర్యవేక్షణకు మరో పావు కలిపితే 1,100 కోట్ల చుట్టుపక్కల, పట్టణాలు కాకుండా. పది లక్షల మందికి పింఛను వెయ్యి పెంచితే ఏడాదికి 1,200 కోట్లు. ఈ రెండూ దాదాపు ఒకే తూకం అని గుర్తుపెట్టుకుంటే చాలు.

ఎక్కడ చెడుతుందో కూడా ముందే చెప్పుకోవచ్చు. ఇంటికింత అని లెక్కగట్టి డబ్బిస్తే ఇంగ్లండ్‌లో జరిగినట్టు పావుగంటలో చుట్టబెట్టి పోతారు, స్నానం ఎగిరిపోతుంది. అందుకే నెల జీతం ఉండాలి. ఆశా కార్యకర్తల నెత్తిన దీన్ని కూడా పెడితే పాత పనీ, కొత్త పనీ రెండూ చెడతాయి. ఆడవాళ్లకు స్నానం ఆడవాళ్లే చేయించాలి, మగవాళ్లకు మగవాళ్లు కావాలంటారు, మగ పనివాళ్లు దొరకరు. ఇక ఏ కులం మనిషి ఎవరి ఒళ్లు తుడవాలి, ఎవరి వంటింట్లోకి వెళ్లాలి అన్న పేచీ మొదటి వారంలోనే వస్తుంది. రాదని నటించే పథకం ఆ వారంలోనే పడిపోతుంది. కులం చూసి మనిషిని ఎంచుకునే హక్కు ఇంటివాళ్లకు ఇవ్వకుండా, వద్దంటే సేవే ఆగుతుందని ఉత్తర్వులోనే రాయాలి. ఒకే మనిషి బరువు ఎత్తి మంచం దించితే ఏడాదిలో నడుం పోతుంది. లేపేటప్పుడు నడుముకు కట్టే పట్టీ, మంచం మీద మనిషిని జరపడానికి జారే బట్ట ఇవ్వాలి, ఎలా లేపాలో నేర్పాలి. ఇవి చిన్న ఖర్చులే కానీ టెండరు పత్రంలో కనపడవు.

ఇవన్నీ తర్వాతి మాట. కొలవడం రేపటి నుంచే మొదలుపెట్టవచ్చు. ఏపీలో ప్రతి నెలా ఒకటో తేదీన సచివాలయ సిబ్బంది పింఛను పట్టుకుని లక్షల గడపలు తొక్కుతున్నారు. వేలిముద్రో ముఖమో పట్టే ఆ ఫోన్‌లోనే నాలుగు ప్రశ్నలు కలపండి. తనంతట తను పక్కకు తిరగగలరా? మరుగుదొడ్డికి మనిషి తోడు లేకుండా వెళ్లగలరా? తన చేత్తో తినగలరా? రాత్రిపూట లేచి బయటికి పోతున్నారా? ఏటా జనవరిలోనూ జూలైలోనూ రెండుసార్లు అడిగితే చాలు, ఇంటికి రెండు నిమిషాలు. జవాబును పింఛను అర్హతతో ముడిపెట్టడం లేదని ఆ తెర మీదే తెలుగులో రాయాలి, లేకపోతే నిజం చెప్పరు. మొదటి ఆరు నెలల అంకెలు మండలాలవారీగా బయటపెడితే, పైన నేను అనుకున్న అయిదు శాతం రెండో తొమ్మిదో తేలిపోతుంది.

ఇట్లు,
సామాజిక భద్రత లెక్కలు చూసే ఒక పాఠకుడు,
విజయవాడ